అవతలి పేజీలో రెండు పంక్తులు

మిర్యాలగూడలోని ఆ డిగ్రీ కాలేజీలో ల్యాబ్ పక్క చిన్న గదిని వాళ్ళిద్దరి కోసమే తెరిచారు. చూపు లేని తిరుపతి జవాబులు చెబుతాడు, పాలకీడు దగ్గరి తండా నుంచి వచ్చిన శోభ రాస్తుంది. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న ఆమె స్క్రైబ్‌గా కూర్చోవడం ఇదే మొదటిసారి. తెలుగు పేపర్ తిరుపతికి ఇప్పటికే ఒకసారి పోయింది. ఈసారీ పోతే డిగ్రీ చేతికి రాదు, బి.ఎడ్. సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

"పేపర్ల ఉన్నది సదువు, ఆయన చెప్పింది రాయి. అంతకు మించి ఒక్క ముచ్చట ఇనబడ్డా ఇద్దర్నీ బుక్ చేస్త," అని ఇన్విజిలేటర్ ప్రేమ్‌కుమార్ సారు మొదటే హెచ్చరించాడు. 

చివరి ప్రశ్న మిగిలింది. ఎన్నడూ చూడని ఒక కవిత ఇచ్చి విశ్లేషించమన్నారు. కాలువ చివరి భూముల్లో నీళ్ళ కోసం కాచుకున్న తల్లి గురించిన కవిత. శోభ పేజీ అడుగుదాకా చదివింది.

"తూము దగ్గర చెవి పెట్టి వింది అమ్మ,
ఎండిన కాలువ ఏమీ అనలేదు."

"చెల్లె, నువ్వు సదువుతుంటె ఎక్కాలు అప్పజెప్పినట్టున్నది," అని తిరుపతి నవ్వాడు. "జర ఆగి సదువు. లైన్ యాడ ఇరిగిందో నాకు కనబడదు గద."

ఆమె ఆగి ఆగి మళ్ళీ చదివింది. అతను ఒక్కో పంక్తికి బల్ల మీద వేలితో తట్టి, చెప్పడం మొదలుపెట్టాడు. చెవి పెట్టిన తల్లికీ, ఏమీ అనని కాలువకూ మధ్య ఉన్న మౌనమే ఈ కవిత అన్నాడు. కవి ఆశకు ఎక్కడా చోటివ్వలేదన్నాడు. శోభ మూడు పేజీలు నింపింది. వేళ్ళు కొంకర్లు పోతున్నా, ఇంత చిన్న కవితలో ఇంత ఉందా అని ఆశ్చర్యపోతూ రాసింది.

"దీనికి మార్కులెన్ని?" అని అడిగాడు తిరుపతి.

ఆమె ప్రశ్నపత్రం తిప్పింది. అవతలి పేజీ పైన, మార్కుల అంకెకు ముందు, కవితలోవే ఇంకో రెండు పంక్తులున్నాయి.

"అయినా పార భుజానేసుకుని
పిల్లకాలువలో పూడిక తీయడానికి నడిచింది."

గోడ గడియారం చూసింది. ఇంకా ఇరవై నిమిషాలే.

"ఎన్ని?"

"ఇరవై, అన్నా."

చెప్పకపోతే అతనికి తెలిసే దారే లేదు. దిద్దేవాళ్ళకు మాత్రం తెలుస్తుంది, ఆ తప్పు అతని ఖాతాలోనే పడుతుంది. చెబితే మూడు పేజీలూ వృథా. పైగా సారు ఎదురుగానే ఉన్నాడు.

తిరుపతి తర్వాతి వాక్యం చెప్పాడు. కలం కదల్లేదు.

"రాస్తున్నవా? సప్పుడొస్తలేదు."

"అన్నా... కవిత అయిపోలే. ఎనక పేజీల రెండు లైన్లున్నయ్. నేను సూడలే."

అతని నవ్వు ముఖం పాలిపోయింది. ప్రేమ్‌కుమార్ సారు గబగబా వచ్చాడు. "ఏం ముచ్చట?"

శోభ లేచి నిలబడింది. "పేపర్ల ఉన్నయే, సార్. నేనే ఇడిసిపెట్టిన."

ఆయన పేపర్ చూసి, "సదువు మరి. టైం మాత్రం ఎక్కువియ్య," అన్నాడు.

రెండుసార్లు చదివింది. తిరుపతి ఆ రెండు పంక్తులకూ బల్ల మీద వేలితో తట్టాడు.

"రాసింది కొట్టెయ్యాల్నా, అన్నా?"

"కొట్టేస్తె మళ్ళ రాసే టైముందా?" అని కసిరాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "రాయి. ఇక్కడిదాకా వచ్చిన పాఠకుడు కవిత అయిపోయిందనుకుంటాడు. నేనూ అనుకున్నాను. ఆ తల్లి మాత్రం అనుకోలేదు."

"నేనూ అనుకున్నాను అని గూడ రాయాల్నా?"

"చెప్పింది రాయవమ్మా!"

అతను వేగంగా చెప్పుకుపోయాడు, కలం వెనకబడింది. చివరి వాక్యం సగంలో ఉండగానే సారు బుక్‌లెట్ లాగేసుకున్నాడు.

వరండాలో శోభ అతనికి భుజం అందించింది.

"గా సగం వాక్యం దిద్దేటోళ్ళకు సమజైతదంటవా?" అన్నాడు తిరుపతి.

"తెల్వదు, అన్నా."

"నాకు గూడ తెల్వదు." మెట్లు దిగుతూ అన్నాడు. "రిజల్టొచ్చిననాడు నీకే ఫోన్ జేస్త. నా హాల్‌టికెట్ నంబర్ కొట్టి నువ్వే సూసి చెప్పాలె."

సరేనంది. ఆ రోజు నుంచి ఫోను మోగితే చాలు, శోభ ముందు అతని పేరేనా అని చూసేది.