చక్రాల కుర్చీ వద్దన్న సౌభాగ్యం

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మూలకుళం సౌభాగ్యాన్ని చూసి ఉంటే ఆ సామెతలో మగవాణ్ణి పెట్టేవాళ్ళు కాదు. సారం పేటలోని వెంకటేశన్ విమాన టికెట్ల ఆఫీసులో కూర్చున్నప్పటి నుంచి ఆమెది ఒకటే మాట. విమానం ఎక్కుతుంది, పారిస్‌లో దిగుతుంది, చక్రాల కుర్చీలో మాత్రం కూర్చోదు.

"నడవలేనని ఒక్క మాట చాలక్కా, టికెట్లో నేను రాసేస్తా," అని వెంకటేశన్ బతిమాలుతున్నాడు. "దిగంగానే కుర్చీ పట్టుకొని మనిషి వస్తాడు. పాస్‌పోర్టు చూసేకాడ వరిసెలో నిలబడే పనే లేదు. పక్క దోవలో తోసుకొని పోతారు. మన ఊరి పెద్దోళ్ళు శానామంది అట్లనే పోతారు."

"నా కాళ్ళకేంది తంబీ? మూలకుళం నుంచి నడిచే వచ్చినా."

పక్క కుర్చీలో ఉన్న వియ్యపురాలు అముద నవ్వింది. ఆమె బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కోడలికి పంపాల్సిన పొడుల పొట్లాలు ఇవ్వడానికి వచ్చి, పనిలో పనిగా పంచాయతీకి కూర్చుంది. "నేను పోయినప్పుడు కుర్చీలోనే పోయినా వదినా. రాణి మాదిరి కూర్చోబెట్టి దాటించినారు. ఇంత చిన్న అబద్ధానికి ఏమవుతుంది?"

"తథాస్తు దేవతలు తిరుగుతుంటారు వదినా. కాళ్ళు లేవంటే లేకుండానే పోతాయి," అంది సౌభాగ్యం. ఆ మాటకు అముద మళ్ళీ నవ్వింది.

సౌభాగ్యానికి తొందర లేక కాదు. పారిస్‌లో ఉన్న కూతురు ప్రీతికి తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని, ఆపరేషన్ తప్పదని అక్కడి డాక్టర్లు రోజు కూడా పెట్టేశారు. వీసా నత్తనడక నడిచి చేతికొచ్చేసరికి, ఆ రోజు పొద్దున దిగే విమానం తప్ప ఇంకోటి దొరకలేదు. అల్లుడు గురు బయట కాచుకుని ఉంటాడు గానీ, ఎంతసేపని ఉంటాడు? ఆలస్యమైతే పెళ్ళాం దగ్గరికి పోక తప్పదు కదా. నిన్న ఫోన్లో ప్రీతి ఏడ్చింది. "లోపలికి తీసుకపోయే ముందు ఒకసారి నీ చెయ్యి పట్టుకోవాలమ్మా. నాకు భయంగా ఉండాది," అంది. ఆ గొంతు విన్నప్పటి నుంచి సౌభాగ్యానికి అన్నం సహించలేదు.

పోయినసారి ప్రయాణం గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ గుండె దడ. పారిస్‌లో దిగగానే జనం తక్కువగా, చురుగ్గా కదులుతున్న వరుస ఒకటి కనిపిస్తే అందులో నిలబడింది. అది ఐరోపా పాస్‌పోర్టు వాళ్ళదట. తీరా పాస్‌పోర్టు చూసే గాజు పెట్టె దాకా వెళ్ళాక అక్కడి ఆఫీసరు చెయ్యి చూపించి, ఇంకో వరుస తోక చివరికి పంపాడు. ఈలోగా మరో రెండు విమానాల జనం వచ్చి ఆమె ముందు చేరారు. ఎప్పటికో బయటికి వచ్చేసరికి, తల్లి తప్పిపోయిందని ప్రీతి నేలమీద కూలబడి ఏడుస్తోంది. వరుస పెద్దదని అందరికీ చెప్పింది సౌభాగ్యం. బోర్డు చదవలేకపోయానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎందుకంటే ఆమెకు చదవడం రాదు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం గలగలా మాట్లాడుతుంది గానీ, కాగితం మీద రెండూ ఆమెకు ఒకటే. సంతకం మాత్రం ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకుంది. ప్రీతి పాఠం అప్పజెప్పే రోజుల్లో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తల ఊపేది. ఎవరైనా ఏదైనా చదవమంటే, "అయ్యో, కళ్ళద్దాలు మరిచిపోయినా, కనపడదే," అనేది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఆ అద్దాల మీద పెట్టి ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది. ఒక్క మొగుడు సుబ్బరాయన్‌కే ఆ గుట్టు తెలుసు. నిరుడు నిజంగానే కంట్లో పొర వచ్చి, గోరిమేడు ఆసుపత్రిలో తీయించుకోవాల్సి వచ్చింది. కనపడదు, కనపడదు అన్నందుకు దేవతలు తథాస్తు అన్నారని ఆమె నమ్మకం. ఇప్పుడు కాళ్ళు కూడా వాళ్ళ చేతుల్లో పెట్టమంటే ఎలా పెడుతుంది?

వెంకటేశన్ విసిగిపోయి పెన్ను కింద పెట్టాడు. "ఇంకో దోవ ఉండాదిలే అక్కా. కుర్చీ లేకుండా ఒక మనిషిని తోడిస్తారు. చెయ్యి పట్టుకొని ముందుగా దాటిస్తారు. కానీ అది సదువు రానోళ్ళకి, బాస తెలీనోళ్ళకి. మీకు సరిపడదు."

సౌభాగ్యం చెయ్యి అలవాటుగా సంచిలోని కళ్ళద్దాల పెట్టె మీదికి పోయింది. పక్కన వియ్యపురాలు, అదీ పంతులమ్మ. ఇంతకాలం కాపాడుకున్న పరువు ఈ ఒక్క మాటతో వీధిన పడుతుంది. రేపు ప్రతి శుభకార్యంలోనూ చెవులు కొరుక్కుంటారు. కానీ చెవిలో ప్రీతి గొంతు అలాగే ఉంది.

"రాయి తంబీ," అంది. "నాకు సదవను రాదు. తెలుగు రాదు, అరవం రాదు, ఏదీ రాదు."

వెంకటేశన్ నోరు తెరిచాడు. అముద ఆమె సంచి వైపు చూసింది. "మరి ఆ అద్దాల పెట్టె వదినా?"

"ఉత్తదే. అందులో వక్కపొడి పెట్టుకుంటా."

ఈసారి అముద నవ్వలేదు. చీర మీదుగా మోకాలు నిమురుకుంది. "నువ్వు నిజం చెప్పినావు గనక నేనూ చెప్తా. ఆ కుర్చీ దిగి ఇంటికొచ్చిన వారానికే ఈ మోకాలు పట్టుకుంది. దేవతలూ లేరు గీవతలూ లేరని నాకు నేనే చెప్పుకుంటుండా."

అప్పుడు ముగ్గురికీ నవ్వు ఆగలేదు. వెంకటేశన్ కళ్ళు తుడుచుకుంటూ కంప్యూటర్లో కొట్టాడు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద అముద కుంటుతూ వియ్యపురాలి భుజం పట్టుకుంది, దిగాక కూడా వదల్లేదు.

పారిస్‌లో విమానం తలుపు దగ్గరే ఒక అమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో సౌభాగ్యం పేరున్న అట్ట పట్టుకుని నిలబడింది. అది తన పేరని సౌభాగ్యానికి తెలియకపోయినా, ఆ పిల్ల పాస్‌పోర్టు అడిగి చూసి, నవ్వుతూ చెయ్యి పట్టుకుంది. కొండచిలువలా మెలికలు తిరిగిన వరుస పక్కనుంచే నడిపించుకుంటూ వెళ్ళి పక్క గాజు పెట్టె ముందు నిలబెట్టింది. ఠప్పుమని ముద్ర పడింది. బయట గురు ఇంకా కాఫీ కూడా తాగలేదు.

"అత్తా, ఇంత సీక్రమా!" అన్నాడు.

ఆసుపత్రిలో మంచం కదిలించడానికి నర్సులు సిద్ధమవుతుంటే సౌభాగ్యం చేరుకుంది. ప్రీతి రెండు చేతులతో తల్లి చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కూతురి మణికట్టుకు ఆసుపత్రివాళ్ళు కట్టిన పట్టీ మీద ఏవో అక్షరాలున్నాయి.

"ఏంది ఇది?" అంది సౌభాగ్యం.

"సదువుకో. అద్దాలు తేలేదా?"

"అద్దాలుండి ఏం లాభం తల్లీ? నాకు సదవను రాదు. ఎప్పుడూ రాదు."

ప్రీతి తల్లి ముఖంలోకి చూసింది. పోయినసారి వరుస, ఒళ్ళో పుస్తకం, అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చి ఆమె కళ్ళు నిండాయి. తల్లి చూపుడు వేలు తీసి పట్టీ మీద మొదటి అక్షరానికి ఆనించింది. "నా పేరమ్మా, ఇంగ్లీషు అక్షరాల్లో. ఇది పి."

మంచం కదిలింది, తలుపులు మూసుకున్నాయి. సౌభాగ్యం బయట బెంచీ మీద కూర్చుని, ఒక నిలువు గీత, దాని పైన చిన్న బొజ్జ, అరచేతిలో వేలితో గీసుకుంటూనే ఉంది, లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించేదాకా.