నీలం గీత

మాతే అనే ఆకు కషాయం తాగే సొరబుర్రలో నిన్నటి ఆకు ముద్దకట్టి అంటుకుపోయింది. ఒటిలియా చెంచాతో గీకి పారేసి, బుర్ర కడిగి బోర్లించింది. భర్త ఫాబ్రిసియో లేచేసరికి ఫ్లాస్కులో మాతేకి నీళ్ళు మరీ మరగకుండా, మరీ చల్లారకుండా ఉండాలి. ఆ పని ముగించి ముందుగదిలోకి వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. ఆ ముందుగదే వాళ్ళ ఆఫీసు. క్లినిక్ వాళ్ళకి తాము తయారుచేసిన కొత్త వెబ్‌సైట్ చూపించాల్సింది ఇవాళే.

ట్యాబ్ మీట నొక్కింది. తెర మీద ఏ మార్పూ లేదు. మళ్ళీ నొక్కింది.

నీలం గీత లేదు. ఫాబ్రిసియో మళ్ళీ తీసేశాడు.

మౌస్ వాడేవాళ్ళకి ఆ గీతతో పనిలేదు. వాడలేనివాళ్ళు ట్యాబ్ మీట నొక్కుతూ ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి వెళతారు. ఏ బటన్ మీద ఉన్నారో దాని చుట్టూ గీత పడుతుంది. అది లేకపోతే అంకెల్లేని మీటలున్న లిఫ్టు ఎక్కినట్టే. ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణాల్లో ఆ గీత ఉండితీరాలని రాసి ఉంది. ఫాబ్రిసియో మాత్రం తను గీసిన పేజీకి అది కొత్త చొక్కాకి వేలాడే ధర చీటీలా ఉందంటాడు. సైట్లను తనిఖీ చేసే యంత్రం నూటికి నూరు ఇచ్చాక ఇంకా ఏం కావాలంటాడు. యంత్రానికి చేతులు వణకవు కాబట్టి ఇచ్చింది, అంటుంది ఒటిలియా. అతను నవ్వేస్తాడు. ఆమె పెడుతుంది. ఆమె వంటింట్లోకి వెళ్ళగానే అతను తీసేస్తాడు.

చేతులు వణికేది సుల్మాకి. క్లినిక్ రిసెప్షన్‌లో పనిచేస్తుంది. మౌస్ పట్టుకుంటే బాణం తెరంతా పరుగులు పెడుతుంది గానీ, మణికట్టు బల్లకి ఆనించుకుంటే కీబోర్డు మీద ఒక్కో మీటా నొక్కగలదు. ఇక మీదట అపాయింట్‌మెంట్లన్నీ ఈ సైట్‌లోనే ఇవ్వాలి. అది చేతకాకపోతే తనను పాత ఫైళ్ళ గదికి పంపేస్తారని, ఈ పని ఒప్పుకున్న మొదటిరోజే సుల్మా ఒటిలియాకి చెప్పింది. "అక్కడ పలకరించడానికి బొద్దింకలే ఉంటాయమ్మాయ్," అని నవ్వింది కూడా. ఆ నవ్వు ఒటిలియాని ఇంటిదాకా వెంటాడింది.

ఇవాళ గీత పెట్టకుండా వదిలేస్తేనో?

ఆ ఆలోచన ఒక్కసారిగా రాలేదు. చాలాకాలంగా లోపల కూర్చునే ఉంది, ఇవాళ లేచి నిలబడింది. సైట్లకి రంగులు, బొమ్మలు అతనివి. బొమ్మ చూడలేనివాళ్ళ కోసం దాన్ని మాటల్లో రాసిపెట్టడం, గడుల పక్కన పేర్లు తగిలించడం, లేత బూడిదరంగు అక్షరాలను కంటికి ఆనేలా ముదురు చేయడం ఆమెవి. "కనపడే బొమ్మని మళ్ళీ మాటల్లో రాయడమేమిటే, పనిలేక కాకపోతే," అని మేడ మీదినుంచి భోజనానికి దిగివచ్చే అత్తగారు నెల్బా అంటుంది. ఆ నోటితోనే తన మందుల డబ్బాల మీది సన్నక్షరాలు చదివిపెట్టమంటుంది. మిలనేసా మాంసం వేపుడు కాస్త మాడితే వారమంతా చెప్పుకుంటుంది. మాడని రోజున బల్ల దగ్గర ఎవరూ నోరెత్తరు. సైట్లూ అంతే. ఆమె చేసిన పని సరిగ్గా ఉందంటే ఎవరికీ కనపడలేదన్నమాట. ఎవరైనా ఆమె గురించి అడిగితే ఫాబ్రిసియో, "మా ఒటీ. వెనకాల సర్దుతూ ఉంటుంది," అని పరిచయం చేస్తాడు. ఒక్కరోజు సర్దడం మానేస్తే అతనికీ తెలుస్తుంది. ఇవాళే తెలియనీ.

కానీ ఆ తెలియడం ఎవరి చేతుల మీదుగా జరుగుతుంది? క్లినిక్ డైరెక్టర్ ముందు, పదిమంది చూస్తుండగా, దారి తెలియక మీటలు తడుముకునేది ఫాబ్రిసియో కాదు. సుల్మా.

గీత మళ్ళీ పెట్టింది. పెట్టినందుకు తన మీద తనకే విసుగేసింది. క్లినిక్‌కి బయల్దేరేదాకా ఆ గదిలోంచి కదల్లేదు.

క్లినిక్‌లో ఎప్పటి పద్ధతే. ఫాబ్రిసియో చంకలో మాతే ఫ్లాస్కు పెట్టుకుని నిలబడి మాట్లాడుతున్నాడు, ఒటిలియా కూర్చుని మౌస్ తిప్పుతోంది. నూటికి నూరు వచ్చిన సంగతి అతను రెండుసార్లు చెప్పాడు. డైరెక్టర్ డాక్టర్ అరిస్మెండి చెప్పిందంతా విని, సుల్మాని పిలిపించి ఒక అపాయింట్‌మెంట్ ఇచ్చి చూపించమన్నాడు. సుల్మా పక్క కుర్చీలో కూర్చుని, కీబోర్డు దగ్గరికి లాక్కుని మణికట్టు ఆనించింది. గీత ఒక్కో బటన్ మీదికీ నడిచింది. తేదీ, డాక్టరు, రోగి పేరు. పని పూర్తయినట్టు తెర మీద పడగానే సుల్మా ఊపిరి వదలడం ఒటిలియాకి వినపడింది.

డైరెక్టర్‌కి అంతా నచ్చింది. బటన్ల చుట్టూ పడే ఆ నీలం గీత ఒక్కటే నచ్చలేదు. తమ క్లినిక్ రంగు ఆకుపచ్చ కదా, అదేమిటని అడిగాడు.

"పొరపాటున ఉండిపోయింది డాక్టర్‌గారూ, నిమిషం పని," అన్నాడు ఫాబ్రిసియో. వెనక్కి తిరగకుండానే, "ఒటీ, తీసెయ్," అన్నాడు.

సుల్మా వేలు మీట మీదే ఆగిపోయింది.

"అది తీస్తే సుల్మాకి తను ఎక్కడుందో తెలియదు డాక్టర్‌గారూ," అంది ఒటిలియా.

డైరెక్టర్ సుల్మా చేతివంక చూశాడు. చూడటం అదే మొదటిసారి కాబోలు, కాసేపు చూస్తూనే ఉన్నాడు. తర్వాత గీత ఉండాల్సిందేనన్నాడు. ముదురు ఆకుపచ్చలో ఉంటే చాలన్నాడు.

ఫాబ్రిసియో తడబడలేదు. అతనికి అది రాదు. "మేమూ మొదట్నుంచీ అదే అనుకున్నాం," అన్నాడు ఫ్లాస్కు సర్దుకుంటూ. "ఒటీ, సాయంత్రానికి ఆకుపచ్చ చేసెయ్. భోజనాలయ్యాక కూర్చో."

ఒటిలియా మౌస్‌ని అతని వైపు జరిపి, కుర్చీలోంచి లేచింది.

"నువ్వే చెయ్యి. ఆ గీత ఎక్కడుంటుందో నీకు బాగా తెలుసు, రోజూ తీస్తున్నావుగా. పొద్దున నేనది పెట్టింది సుల్మా కోసం. నీ వెనకాల సర్దడం అప్పుడే ఆపేశాను."