తాళం వేసిన ఇళ్ళు: సున్నా

వార్డు ఆఫీసు గోడమీద మా సర్వే చార్టు అతికించిన రోజున నేనెంత మురిసిపోయానో చెప్తే నవ్వుతారు. బెంగళూరు బొమ్మనహళ్ళిలో మంచంపట్టిన రోగులు ఏ వీధిలో ఎంతమంది ఉన్నారో లెక్క తీసి, వీధికొక కమ్మీ చొప్పున రంగులేసి పెట్టారు. పక్కన మ్యాపు. అందులో రోగి ఉన్న ప్రతి ఇంటికీ ఎర్ర చుక్క. చుక్క ఉన్న ఇంటికి వారానికోసారి నర్సు వస్తుంది, వీపు పుండు పడకుండా గాలిపరుపు ఇస్తారు. అన్నిటికంటే కింద గడిలో "తాళం వేసిన ఇళ్ళు: సున్నా" అని ఉంది. ఆ సున్నా నా గొప్పే. "చూడండప్పా, శశికళ మేడం ఒక్క ఇల్లూ వదల్లేదు" అని మా సూపర్‌వైజర్ మోహన్‌కుమార్ అందరిముందూ అన్నాడు.

నేను సర్కారు బడిలో లెక్కల టీచర్ని. ఏడో తరగతికి గణాంకాల పాఠం చెప్పేదాన్ని. "ఊహించి రాసేది దత్తాంశం కాదురా, వెళ్ళి అడిగి రాసేదే దత్తాంశం" అని పిల్లల చెవులు మెలిపెట్టి మరీ చెప్తాను. అలాంటిదాన్ని, సర్వే పేరుతో నా సెలవులన్నీ మింగేసి మూడువందల ఇళ్ళు నెత్తిన పడేసేసరికి మండిపోయాను. ఫోన్లో యాప్ మొరాయించేది. లిఫ్టు లేని మేడలెక్కి దిగేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. పైగా తాళం ఉన్న ఇంటికి మూడుసార్లు వెళ్ళాలట. మూడోసారీ తాళమే ఉంటే అప్పుడు పొరుగువాళ్ళని అడిగి రాసి, తాళం లెక్కలోంచి తీసేయవచ్చు.

గార్మెంట్స్ ఫ్యాక్టరీ వెనక సందులో, రెండో అంతస్తులో ఒక ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ తలుపు తట్టి, తాళం చూసుకుని తిట్టుకుంటూ దిగాను. రెండోసారి మాత్రం "సర్వేకి గురువారం వస్తాను" అని తలుపు మీద సుద్దముక్కతో రాశాను. తీరా గురువారం వచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి, ఎండకి కళ్ళు తిరుగుతున్నాయి. సందు మొదట్లో పిల్లమ్మ అంగడి అరుగు మీద కూలబడ్డాను.

"పిల్లమ్మా, ఆ పైనింట్లో ఎంతమందుండారు?"

"నంజమ్మ ఒక్కతే కనపడతాదమ్మా. పొద్దున్నే ఫ్యాక్టరీకి పోతే పొద్దు మునిగినాక వచ్చేది. వాళ్ళొచ్చి ఇంకా నెల కూడా కాలా."

"జబ్బుమనుషులు ఎవురైనా?"

"నేనైతే చూడ్లేదమ్మా."

సభ్యులు: ఒకరు. రోగులు: లేరు. మూడోసారి వెళ్ళినట్టు కూడా టిక్కు పెట్టేశాను. ఇంటికెళ్ళి కాఫీ తాగి పడుకున్నాను.

నాలుగు నెలల తర్వాత కొత్త నర్సుకి సందులు తెలియవని, ఇళ్ళు చూపించడానికి నన్ను తోడు పంపారు. ఆ సందులోకి తిరగగానే ఒకామె పరుగున వచ్చి నర్సు చెయ్యి పట్టుకుంది. "మా ఇంటికీ రాండమ్మా, మీకు పుణ్యముంటాది. నా బిడ్డ లేయలేకుండాది" అంది. ఆమే నంజమ్మ, ఆ రోజు పనికి పోలేదట.

కూతురు చైత్రకి పంతొమ్మిదేళ్ళు. మెట్ల మీంచి పడి నడుము కింద చచ్చుబడింది. పిల్ల ఒంటరిగా ఉంటుందని భయపడి నంజమ్మ రోజూ బయట తాళం వేసి పనికి పోతుంది. నర్సు ఆ పిల్లని పక్కకి తిప్పితే వీపు మీద అరచేతంత పుండు. కడిగి, మందు పెట్టి, ఫోన్లో లిస్టు చూసింది.

"పేరు లేదమ్మా. పేరుంటేనే పరుపు ఇచ్చేది, నేను వారం వారం వచ్చేది."

ఆ మధ్యాహ్నమే మోహన్‌కుమార్ దగ్గరికి పరిగెత్తాను.

"పేరు ఎక్కించొచ్చు మేడం. కానీ ఆ ఇంటికి పోకనే రాసినానని మీరు లెటరియ్యాల. మెమో వస్తాది, చూసుకోండి."

లెటరు ఆ రోజే రాశాను. రేపిద్దాం, సోమవారం ఇద్దాం అనుకుంటూ ఎనిమిది రోజులు బ్యాగులో పెట్టుకు తిరిగాను. ఉద్యోగం పోదని నాకు తెలుసు. నలుగురిలో పరువు పోతుందనే నా ఏడుపంతా. ఛీ, ఏం మనిషిని! తొమ్మిదో రోజు ఇచ్చి, పరుపు మాట చెబుదామని సందులోకి వెళ్తే పిల్లమ్మ ఆపింది. పుండు విషమెక్కి ముందురోజే చైత్ర పోయిందట.

పైకి వెళ్ళాను. నంజమ్మ నన్ను గుర్తుపట్టి, నర్సుతో వచ్చిన టీచరమ్మ కదా అని చాప వేసింది. ఎదురుగా గోడకానుకుని కూర్చుని తనే మాట్లాడింది.

"ముందర సర్వే చేసే యమ్మ రెండుసార్లు వచ్చి తలుపు తట్టిందంట. అక్కా, అక్కా అని చైత్ర లోపల్నించి పిలిచిందంట. దాని గొంతు చిన్నది, వినపడలా. గురువారం వస్తానని రాసిపెట్టి పోయింది. ఆ పొద్దు నేను పనికి రజా పెట్టి, దానికి తల దువ్వి, కొత్త నైటీ తొడిగి, తలుపు బార్లా తీసుకొని కూర్చున్యా. పొద్దు మునిగేదాకా చూసినాం."

నంజమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"చైత్ర ఏడ్చేసింది. నేనే సర్దిచెప్పినా. ఆ యమ్మకి ఏం కష్టమొచ్చిందో ఏమో పాపం, లేకుంటే రాకుండా ఉంటాదా అని. అంతే కదమ్మా?"

ఆ మనిషిని నేనేనని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఔను నంజమ్మా, ఏదో కష్టమే వచ్చుంటాది" అన్నాను.