యాభై, యాభై, నలభై

బేతమంగళలో పాల డెయిరీ దగ్గర క్యాన్ల చప్పుడు మొదలయ్యే వేళకు ప్రేమ కత్తి తీసుకుని వెదురు చీల్చడానికి కూర్చునేది. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి పట్టీలన్నీ సన్నగా చెక్కి, తడిగుడ్డ కప్పి పెట్టేది. ఆమె అల్లేవి చంద్రికలు. పట్టుపురుగు ఆకు తినడం మానేసి, గూడు కట్టుకోవడానికి చోటు వెతుక్కునే రోజున దాన్ని తెచ్చి వదిలే వెదురు పలకలు. ఒక్కొక్కటి మంచమంత వెడల్పు, మనిషిని మించిన పొడవు. పైన వెదురు పట్టీ చుట్టలు చుట్టలుగా తిరిగి ఉంటుంది.

రెండేళ్ళుగా వాటిని కొనేవాళ్ళు తగ్గిపోయారు. రైతులందరూ ప్లాస్టిక్‌వి తెచ్చుకుంటున్నారు. నలభై రెండు చంద్రికలు కొట్టంలో గోడకు ఆనించి అట్లాగే ఉన్నాయి. మాలూరు దిక్కున ఒక ఫ్యాక్టరీలో ప్రేమకు పని ఖాయమైంది. సోమవారం పొద్దున బస్సు ఎక్కాలి. "ఇంగ వెదురు ముట్టేది లేదులే" అని మొగుడు ఉమేశ్‌తో అన్నది కానీ, ఆ మాటన్న మరుసటి రోజూ కత్తి పట్టుకుని కూర్చుంది.

ఆ బుధవారం పొద్దున తొమ్మిదికి ఫోన్ వచ్చింది. చేసింది రక్షిత. లక్కూరు పిల్ల. పట్టు పెంపకం చదివి, ఎక్కడో డెహ్రాడూన్ పక్క పల్లెలో ఆఫీసరుగా ఉంది.

"ప్రేమక్కా, నీ దగ్గర చంద్రికలు ఎన్ని ఉండాయి?"

"నలభై రెండు. ఏమే, ఏమైంది?"

"ఇక్కడ గోదాములోకి నీళ్ళు వచ్చినాయి. చంద్రికలన్నీ బూజు పట్టిపోయినాయి. చుట్టుపక్కల దొరికినవి పంచినాను, ఇంకా నలభై ఇళ్ళ పురుగులకు చోటు లేదు. ఆదివారానికి పండుతాయి. పండినాక అవి ఒక్క పూట కూడా ఆగవక్కా, నేలమీదే దారమంతా కక్కేస్తాయి. విమానంలో పంపిస్తావా? మీ ధర మీకు ఇస్తాము, పంపే ఖర్చుకు కిలోకు నూటయాభై లెక్కన నూట ఇరవై కిలోలకు మంజూరు చేయించినాను. అంతకు మించితే నా చేతుల్లో లేదు."

ఫోన్ పెట్టేలోపలే ప్రేమ కాళ్ళు కొట్టం దారి పట్టాయి. ఉమేశ్ తన లగేజ్ ఆటోలో చంద్రికలు నిలువుగా కట్టాడు. రాబర్ట్‌సన్‌పేటలో నాగేశ్ కొరియర్ అంగడి ముందు దిగేటప్పటికి పన్నెండు దాటింది. నాగేశ్ ఒక చంద్రికను కాటాపై పెట్టాడు, తర్వాత టేపు తీసి పొడవు, వెడల్పు, మందం కొలిచాడు, ఫోన్‌లో లెక్క వేశాడు.

"నూటెనభై, నూట ఇరవై, అయిదు. మూడూ గుణించి అయిదువేలతో భాగిస్తే ఇరవై ఒకటిన్నర దాటింది. అంటే ఒక్కోటి ఇరవై రెండు కిలోలు."

"ఏందప్పా నాగేశా, అది మూడు కిలోలు కూడా లేదు. నీ కాటానే చెప్తా ఉండాది."

"కాటా రెండు కిలోల ఎనిమిది వందలే అంటాదక్కా. కానీ విమానంలో అది ఆక్రమించే చోటుకు కూడా దుడ్డు. బరువు, సైజు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి కట్టాల. దూది మూటకైనా ఇదే లెక్క. నువ్వు గాలిని కూడా పంపిస్తా ఉండావు."

"అన్నీ కలిపితే ఎంత అవుతాది?"

"తొమ్మిది వందల ఇరవై నాలుగు కిలోల లెక్క."

ఉమేశ్ ఆటోకు ఆనుకుని తల గోక్కున్నాడు. నూట ఇరవై ఎక్కడ, తొమ్మిది వందలు ఎక్కడ. నాగేశ్ టేపు చుట్టి జేబులో వేసుకుంటూ, మామూలుగా అన్నాడు.

"మీ మేనత్త మారమ్మ ఛాంపియన్ రీఫ్స్‌లోనే కదా ఉండేది. ఆయమ్మను పిలుచుకోరాకూడదా? మా వ్యాను నాలుగింటికి పోతాది."

ప్రేమ నుదుటిమీద కొట్టుకుంది. అత్తను మరిచే పోయింది.

మారమ్మ చేయి పడితే వస్తువులు దగ్గరికి జరిగి కూర్చుంటాయి. ఇది కేజీఎఫ్‌లో అందరికీ తెలిసిందే. ఆమె మొగుడు చెన్నప్ప బంగారు గనిలో పని చేసి పోయాడు. గనులు మూసిన ఏడాది, కూలీల లైను ఇళ్ళు ఖాళీ చేసి పోయే కుటుంబాలన్నీ ముందు ఆమె ఇంటికే వచ్చేవి. మంచం, బీరువా, రుబ్బురోలు, అన్నీ కలిపి ఒక బియ్యపు డబ్బాలో సర్ది తాడు కట్టి ఇచ్చేది. అయితే బరువు మాత్రం గ్రాము కూడా తగ్గేది కాదు. ఆ డబ్బాను మారికుప్పం స్టేషనుకు మోసుకుపోవడానికి ఎనిమిది మంది కావలసి వచ్చేది. తర్వాత సామాను లారీలు వచ్చాయి, మారమ్మను పిలిచేవాళ్ళు లేకపోయారు.

ప్రేమ పోయేసరికి ఆమె గడప దగ్గర కూర్చుని చింతకాయలు ఒలుస్తోంది. సంగతి విన్నాక ఆ పళ్ళెం పక్కింటావిడ చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని ముందే నడిచింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి వెనక ప్రేమ పరుగు లాంటి నడక నడవాల్సి వచ్చింది.

"ఎన్నాళ్ళైందే నన్ను పిలిచి" అన్నది ఆటోలో. ఆమె చేతివేళ్ళు ఒళ్ళో అప్పుడే కదులుతున్నాయి.

అంగడి వెనక వాకిట్లో ఏడు చంద్రికలు ఒకదానిమీద ఒకటి పేర్చారు. మారమ్మ వాటి అంచులమీద అరచేతులు ఆనించి, రద్దీ బస్సులో ఆడవాళ్ళు చెప్పినట్టు చెప్పింది.

"జరగండమ్మా, జరగండి. కొంచెం సర్దుకోండి."

వెదురు కిరకిరమంది. చంద్రికలు నెమ్మదిగా తలుపంత అయినాయి, పీటంత అయినాయి, చివరికి టిఫిన్ క్యారియర్ అంత అయి నిలిచాయి. మారమ్మ తాడు తిప్పి ముడి వేసింది. ఉమేశ్ ఒంటిచేత్తో ఎత్తబోయి, ఎత్తలేక రెండు చేతులూ వేశాడు. కాటా పందొమ్మిది కిలోల ఆరు వందలు చూపింది.

"ఆరు మూటలు. అట్టపెట్టెలతో కలిపి నూట ఇరవై కిలోలు" అన్నది ప్రేమ. గడియారంలో రెండున్నర.

నాగేశ్ మాత్రం ఆ మూటను చూస్తూ గడ్డం నిమురుకున్నాడు.

"అక్కా, ఇది పోదు."

"ఎందుకు పోదు?"

"విమానాశ్రయంలో స్కానర్‌లో పెడతారు. కేజీఎఫ్ నుంచి వచ్చిన పెట్టె, గుప్పెడంత సైజు, ఇరవై కిలోల బరువు. లోపల ఏముండాదనుకుంటారు?"

ఆ ఊళ్ళో దానికి జవాబు చెప్పనక్కరలేదు.

"పెద్ద డబ్బాలో గడ్డి వేసి పెడితే?" అన్నాడు ఉమేశ్.

"స్కానర్ లోపలే కదా చూసేది. నల్లగా ఇటుక మాదిరి కనిపిస్తాది. అనుమానంతో ముడి విప్పితే, ఏడు చంద్రికలూ ఆ గదిలోనే తెరుచుకుంటాయి. అదీగాక, అంత చిన్నది చేసినా లాభమేమీ లేదు. బరువు ఇరవై ఉంటే ఇరవైకి కట్టాల్సిందే. సైజు లెక్క కూడా ఇరవై వస్తే చాలు." అతను ఫోన్‌లో వేళ్ళు ఆడించాడు. "యాభై, యాభై, నలభై. లక్ష. అయిదువేలతో భాగిస్తే సరిగ్గా ఇరవై. ఆ సైజు దగ్గర ఆపండి, స్కానర్‌లో ఇటుక మాదిరీ కనిపించదు. నా దగ్గర ఆ కొలత పెట్టెలే ఉండాయి."

మారమ్మ మొహం వాడిపోయింది.

"సగంలో ఆపేది నాకు రాదప్పా. చేయి పెడితే అవి చివరికంటా పోతాయి. ఎప్పుడూ అంతే."

ముడి విప్పింది. చంద్రికలు ఒక్క ఊపుతో విచ్చుకుని వాకిలంతా పరుచుకున్నాయి. మళ్ళీ చేతులు ఆనించింది. నలభై దగ్గర ఆపబోయింది, ఆగలేదు, టిఫిన్ క్యారియరే అయింది. మూడోసారీ అదే. మారమ్మ జాకెట్టు చెమటకు తడిసింది. మూడు దాటింది.

నాలుగోసారి ప్రేమకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. ఎదుటివైపు మోకాళ్ళమీద కూర్చుని, తానే చీల్చి తానే అల్లిన ఆ అంచులమీద తన చేతులూ పెట్టింది. అత్త "జరగండి" అంది. వెదురు ప్రేమ అరచేతుల కింద సన్నగా వణుకుతూ లోపలికి పోతోంది. పట్టీ ఒంచేటప్పుడు ఎక్కడ విరుగుతుందో ఆ చేతులకు తెలుసు. ఇప్పుడూ అట్లాగే తెలిసింది.

"చాలు. అక్కడే ఉండండి" అన్నది ప్రేమ.

ఉన్నాయి.

నాగేశ్ టేపు పెట్టాడు. నలభై తొమ్మిది, నలభై తొమ్మిది, ముప్పై తొమ్మిది. అట్టపెట్టెలో జేబులో చెయ్యి దూరినట్టు దూరింది. మారమ్మ మేనకోడలి వంక చూసి, రెండో వరుస పేర్చమని ఉమేశ్‌కు సైగ చేసింది.

ఇక పని ఆగలేదు. అత్త జరగమనడం, మేనకోడలు ఆగమనడం. ఉమేశ్ తాడు, నాగేశ్ టేపు. ఆరో పెట్టెమీద చిరునామా అంటించేసరికి వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. నాలుగింటికి రెండు నిమిషాలుంది. కాటా లెక్కా నూట ఇరవై, టేపు లెక్కా నూట ఇరవై. ప్రతి పెట్టెమీదా ప్రేమ పెద్ద అక్షరాలతో రాయించింది: ముడి బయలులోనే విప్పవలెను.

వ్యాను మలుపు తిరిగేదాకా నలుగురూ రోడ్డుమీదే నిలబడ్డారు.

శనివారం సాయంత్రం పెట్టెలు చేరినట్టు మెసేజ్ వచ్చింది. ఆదివారం రక్షిత ఫోన్ కలవలేదు. పది సార్లు చేసి ప్రేమ విసిగిపోయింది. సోమవారం ఆరున్నరకు బస్టాండులో ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉండగా వీడియో కాల్ వచ్చింది.

"అక్కా, చలికి ఒక రోజు ఆలస్యంగా పండినాయి. ఇప్పుడే ఎక్కించినాము. చూడు."

బడి ఆటస్థలం నిండా చంద్రికలు వరసగా ఏటవాలుగా నిలబెట్టి ఉన్నాయి. రక్షిత ఫోన్ దగ్గరికి పెట్టింది. పసుపు తిరిగిన పురుగులు చుట్టల మధ్య చోటు చూసుకుని కుదురుకున్నాయి. ఒక్కొక్కటి తల అటూ ఇటూ ఊపుతూ మొదటి పోగు తీస్తోంది. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, "ఎక్కమ్మా, టైమవుతా ఉండాది" అన్నాడు.

"ఉండండి అన్నా" అన్నది ఆమె, ఫోన్ మీంచి చూపు తీయకుండా.

"అక్కా, ఇక్కడ పక్క జిల్లా సారు ఉండారు" అంటోంది రక్షిత. "మూడు వందల చంద్రికలు కావాలంట, పై నెలకు. ఆయన జీపుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఏ సైజులో వస్తాయని అడగతా ఉండారు."

ప్రేమ బస్సు డ్రైవరుకు పొమ్మని చెయ్యి ఊపింది. బస్సు కదిలి, దుమ్ము లేపుకుంటూ మాలూరు దారి పట్టింది.

"బరువు నా చేతుల్లో లేదని చెప్పు" అన్నది. "సైజు మాత్రం, ఆయనకు ఎంత కావాలో అంత."