ట్యాంకు బరువు

"ఒక్క నిమిషం ఇలా వచ్చి ఈ ట్యాంకు ఎత్తి పట్టుకో" అని షెడ్డులోంచి కేకేశాడు మా ఆయన.

నేను దుప్పట్లు ఆరేస్తున్నాను. ఆసుపత్రికి తీసుకెళ్ళిన దుప్పటి కూడా వాటిలోనే ఉంది. ఎన్నిసార్లు ఉతికినా మధ్యలో మరక లేతగా మిగిలిపోయింది. ఆ వైపు లోపలికి మడిచి క్లిప్పు పెట్టి, చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే చెప్పలేను. పిలిచాడు, వెళ్ళాను. ఈమధ్య నా కాళ్ళు నన్ను అడగడం మానేశాయి.

షెడ్డులో మోటారు సైకిలు సీటు ఊడదీసి ఉంది. అతని చేతిలో ఇంజను గాలి ఎంత పీలుస్తోందో కొలిచే కొత్త వాక్యూం గేజు, దానికి గడియారాల్లాంటి రెండు డయల్సు, రెండు సన్నని రబ్బరు గొట్టాలు. అది రెండు సిలిండర్ల బండి. ఒక్కో సిలిండరుకీ గాలి లోపలికి వదిలే తలుపులాంటిది ఒకటుంటుందట, థ్రాటిల్ బాడీ అంటారు. ఆ రెండూ సమంగా తెరుచుకోకపోతే ఆగిన చోట బండి వణుకుతుందట. మెకానిక్కుకి ఇస్తే సాయంత్రానికి చేసిస్తాడు. "వాడి చేతిలో నా బంగారాన్ని పెట్టనా?" అంటాడు ఈయన. సర్దాల్సిన స్క్రూ ట్యాంకు కింద ఎక్కడో లోపలుంది. ట్యాంకు ముందువైపు లేపి కర్ర పోటు పెడితే, ఇంజను నడుస్తున్నప్పుడు కర్ర జారిపోతోందట. అందుకని నేను.

రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. సగానికి పైగా పెట్రోలుంది. పొత్తికడుపులో ఏదో సాగినట్టయింది. నొప్పి అనలేను. నొప్పి ఉండే చోటు గుర్తొచ్చినట్టుంది, అంతే.

ఇంజను స్టార్టు చేసి, గొట్టాలు తగిలించి, డయల్సు మీదికి వంగాడు. "చూశావా! ఎడమది అంతా పీల్చేసుకుంటోంది. కుడిది వెనకబడిపోయింది, పాపం."

పాపం అన్న మాట అతని నోట విని చాలా రోజులైంది. పోయిన నెలాఖర్లో డాక్టరమ్మ స్కాను చూసి, లోపల గుండె చప్పుడు లేదని చెప్పినప్పుడు, అతను ఫోను జేబులో పెట్టుకుని "సరే, మరి ఇంటికి ఎప్పుడు పంపిస్తారు?" అన్నాడు. అయిదో నెల. ఇంటికొచ్చాక అత్తగారు వేణ్ణీళ్ళు కాచిపెట్టి, "లేచి తిరిగితేనే మనసు కుదుటపడుతుందమ్మా. మా రోజుల్లో పడుకోనిచ్చేవాళ్ళా?" అంది. ఆవిడ మంచికే చెప్పింది. ఆ పూటే వంట చేశాను. ఆఫీసులో మా సూపర్‌వైజరు "ఒంట్లో బాలేదన్నావుగా, తగ్గిందా?" అని అడిగి, నేను ఔననగానే, నేను లేనప్పుడు పోగుపడ్డ పనంతా నా బల్ల మీదికి జరిపాడు. ఎవరూ కాని మాట అనలేదు. అసలు ఎవరూ ఏమీ అనలేదు. చుట్టాలొచ్చి వెళ్ళిపోయాక పక్కలు ఎత్తేసినట్టు, అందరూ ఆ సంగతి ఎత్తేశారు.

అతను స్క్రూని వెంట్రుకవాసి తిప్పి, చెవి ఇంజను వైపు వంచి, కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ విన్నాడు. ఇంత ఓపికగా వినే మొహం ఈ మనిషికి ఉందని నాకు తెలీదు.

"ఏవండీ, చేతులు లాగేస్తున్నాయి."

"కదలకు, కదలకు! ముళ్ళు రెండూ ఒకచోటికి వచ్చేస్తున్నాయి. ఆ మాత్రం ఓర్చుకోలేవా?"

వంటింటి కిటికీలోంచి అత్తగారు తొంగి చూసింది. "ఒరేయ్, ఆ పొగ దుప్పట్లకి పడుతోందిరా! పాపం ఇప్పుడే ఉతికింది."

"అయిపోయిందమ్మా!" అన్నాడు. ఒకసారి యాక్సిలరేటరు తిప్పి వదిలాడు. ముళ్ళు రెండూ కలిసి పడి, కలిసి లేచాయి. సరిగ్గా అప్పుడే నాకు తొడ మీదుగా వెచ్చగా జారడం తెలిసింది.

"ఇంక దించు" అన్నాడు. దించాను. అతను ఈల వేసుకుంటూ ట్యాంకు బోల్టులు, సీటు బిగించాడు. "రా, వెనకెక్కు. ఒక రౌండు వేసొద్దాం. తేడా నీకే తెలుస్తుంది."

"నేను రాను. కుదుపులు వద్దంది డాక్టరమ్మ. బరువులు కూడా ఎత్తొద్దంది."

"ఎందుకని?" అన్నాడు.

వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు, గొట్టాలు చుట్టుకుంటూ, కనుబొమలు ముడిచి. కాసేపటికి అతనికే తట్టింది. "ఓ, అదా! ఇంకా ఉందా అది?" అని బండెక్కాడు. గేటు దాటి మలుపు తిరిగేదాకా చప్పుడు నున్నగా, ఎక్కడా తొట్రుపడకుండా వినిపించింది. పని బాగా కుదిరింది.

బాత్రూములో చూసుకుంటే రక్తం. కడుక్కుని, బట్టలు మార్చుకుని, మంచం మీద పడుకుని అక్కకి ఫోను చేశాను. ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. పాలవాడికి పాలు చెప్పినట్టు చెప్పాను.

"నేనొచ్చి రెండ్రోజులు నీ దగ్గర ఉండనా?" అంది అక్క.

"వద్దు. నువ్వొచ్చి నన్ను తీసుకెళ్ళు. ముందు డాక్టరమ్మ దగ్గరికి, అట్నుంచి మీ ఇంటికి."

"ఇప్పుడే బయల్దేరుతున్నా. రెండు జతలు సర్దుకో, నాలుగు రోజులుండి వద్దువుగాని."

బీరువా వైపు చూశాను.

"వచ్చేటప్పుడు పెద్ద పెట్టె తీసుకురా, అక్కా" అన్నాను. "నా దగ్గరున్నది చిన్నది."