వంకాయ మీద నింద

నర్సింగ్‌హోమ్ వెనక కుళాయి దగ్గర పాపక్క చీముగుడ్డలు ఉతుకుతుంటే, డాక్టరుగారు అటు వచ్చి మళ్ళీ అదే అడిగాడు. మొగుడికి వంకాయ పెట్టావా, ఎండుచేప పెట్టావా అని. ఆమె మళ్ళీ లేదనే చెప్పింది. కాలికి ఆపరేషన్ అయినప్పటినుంచీ మిరియాల చారు, మెత్తటి అన్నం తప్ప ఆమె మొగుడు వెంకటగిరియప్ప మరో రుచి ఎరగడు. కాస్త కూర పెట్టమని ఏడ్చిన రోజున కూడా ఆమె పెట్టలేదు. పథ్యం తప్పితే పుండు మానదని చిన్నప్పటినుంచీ విన్న మనిషి. ఆ నమ్మకం డాక్టరుగారికి భలే అక్కరకొచ్చింది. విలాయత్‌లో చదివొచ్చిన మహానుభావుడు, నేరమంతా వంకాయ మీదికి నెట్టి చేతులు కడుక్కున్నాడు!

వెంకటగిరియప్ప నగర్తపేటలో జయరామప్ప కార్ఖానాలో తలుపు పిడులకు మెరుగు పెట్టేవాడు. అక్కడే అటక మీదనుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. జయరామప్పది జాలిగుండె కదా, ఆపరేషన్ చేసి విరిగిన ఎముకకు లోపల బిగించే ఇనుప పట్టీ తన కార్ఖానాలోదే ఊరికే ఇచ్చాడు. పిడులు చేసే ఇనుముతోనే ఆ పట్టీలూ చేయిస్తాడు. అద్దంలా మెరిస్తే చాలు, ఫారిన్ సరుకని చెప్పి డాక్టరుగారు రోగులకు బిగిస్తాడు. తలుపైతే ఏ ఇనుమునైనా భరిస్తుంది. మనిషి ఒళ్ళు భరించదు. సరిపడని ఇనుము నెత్తురు తడికి తుప్పు పడుతుంది, ఆ తుప్పు చుట్టూ మాంసం పుండవుతుంది. ఈ సంగతి డాక్టరుగారికి బాగా తెలుసు. తెలిసే వంకాయ మాట ఎత్తాడు, సిగ్గులేని మనిషి.

ఆ మధ్యాహ్నం తొడ మీద మళ్ళీ కోత పెట్టి లోపలి పట్టీ బయటికి తీశారు. రేపు ఇంకోటి బిగిస్తామనీ, ఈసారైనా పథ్యం సరిగ్గా చూసుకోమనీ డాక్టరుగారు పాపక్కకు బుద్ధి చెప్పాడు. జయరామప్ప ఆ కొత్త పట్టీని జేబులో వేసుకునే వచ్చాడు. తీసిన పట్టీ పళ్ళెంలో పడి ఉంది, గోధుమరంగు తిరిగి, గుంటలు పడి. పాపక్క దాన్ని చేతిలోకి తీసుకుంది.

జయరామప్ప చెయ్యి చాపాడు. "ఇట్లియ్యి పాపక్కా. మెరుగు పెడితే మళ్ళీ కొత్తదైపోతాది. ఇంకెవురికన్నా పనికొస్తాది."

ఆమె ఇవ్వలేదు. డాక్టరు వైపు తిరిగింది.

"మా ఇంటాయన వంకాయ తినలేదు సార్. ఈ ఇనుము యా వంకాయ తిని ఇట్లా తుప్పు పట్టిండాది, చెప్పండి."

డాక్టరుగారు గోడ గడియారం వైపు చూశాడు. ఆమె పట్టీని కొంగున ముడేసుకుంది.

"ఇంకోటి ఆయన కాల్లో పెట్టనియ్యను. పెద్దాసుపత్రికి ఎత్తుకొని పోతా."

పోయి మొగుడి మంచానికి అడ్డంగా నిలబడింది. జయరామప్ప చాపిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. రెండో చేతిలో కొత్త పట్టీ తళతళ మెరుస్తోంది.