నోట్లో దారం

"మాకేం పోలేదురా! ఇల్లు చెక్కుచెదరలేదు. గట్టి కట్టడం కదా!" అని ఫోనులో స్నేహితుడికి చెబుతూ భర్త హాల్లో అటూ ఇటూ నడుస్తున్నాడు. ఆమె నడుం వంచి పాత చేటతో బురద ఎత్తి బకెట్లో వేస్తోంది. ఆయన అడుగు పడ్డచోటల్లా ఇప్పుడే తుడిచిన నేల మీద కొత్త ముద్ర పడుతోంది. ఆయనకది కనపడదు. తుఫానుకి కన్ను అంటూ ఒకటుంటుందట, దానికీ తన కాళ్ళకింద ఏముందో కనపడదేమో అనుకుని ఆమె మళ్ళీ చేట అందుకుంది.

ఫోను పెట్టేసి ఆమెతో కూడా అదే మాట అన్నాడు, ఒక్క మాట మార్చి. "మనకేం పోలేదు, అదృష్టవంతులం. ఇదిగో, ఆ గుమ్మం దగ్గర కూడా కాస్త తుడిచెయ్. అక్క జారిపడుతుంది."

ఆ ఇంట్లో 'మా'కీ 'మన'కీ ఒక పద్ధతుంది. గొప్ప చెప్పుకోవాలంటే 'మా', చాకిరీ దగ్గరకొస్తే 'మన'. "మా ఇల్లు గాలికి ఇంత కూడా కదల్లేదు" అని వీధి గుమ్మంలో చెప్పిన అత్తగారే లోపలికొచ్చి, "మన ఇల్లు కదమ్మాయ్, మనం కాకపోతే ఎవరు తుడుచుకుంటారు?" అంటుంది. అని మంచమెక్కి కూర్చుంటుంది, మోకాళ్ళ నొప్పులు. ఇక 'నా' అన్న మాట కూడా ఆ ఇంట్లో లేకపోలేదు. నా కొడుకు అన్నది అత్తగారిది. నా తువ్వాలేదీ, నా కళ్ళజోడేదీ అన్నవి భర్తవి. ఆమెకి ఆ మాటతో పని తక్కువ. అబ్బా నా నడుం అనుకుంటుంది అప్పుడప్పుడు, అదీ పైకి కాదు.

నిజానికి పోయింది ఒకటుంది. ఇంటి పక్క సందులో ఆమె సొంత సంపాదనతో వేయించుకున్న రేకుల గది. దానిలో వెనక్కి వాలే కుర్చీ, నిలువుటద్దం, గుమ్మం పైన పార్లర్ అని చిన్న బోర్డు. ఇంట్లోవాళ్ళు దాన్ని కనుబొమ్మల కొట్టు అంటారు. "ఏదో కాలక్షేపానికి పెట్టుకుందిలెండి" అంటాడు భర్త వచ్చినవాళ్ళతో. ఇంట్లో గ్యాసు బండ ఆ కాలక్షేపంతోనే వస్తుందన్న సంగతి ఎవరూ ఎత్తరు. ఆడవాళ్ళు ఆ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవారు. కొందరు మాట్లాడేవారు, కొందరు ఊరికే ఏడ్చేవారు, ఒకావిడ ప్రతిసారీ నిద్రపోయేది. ఇంట్లో ఎవరినైనా 'కూర్చోండి' అంటే ఆమె వెంటనే టీ పెట్టాలి. ఆ గదిలో అంటే చాలు, వాళ్ళు కూర్చునేవారు.

తుఫాను వచ్చిన వేళ అందరూ నడిమి గదిలో చేరి ఉండగా, ఆ గాలి హోరులో రేకు పైకి లేచి కిందపడ్డ చప్పుడు వినిపించింది. "ఎవరి రేకులో లేచిపోతున్నాయి, పాపం!" అన్నాడు భర్త. ఎవరివో ఆమెకి తెలుసు. బిడ్డ ఏడుపు తల్లి పోల్చుకున్నట్టు పోల్చుకుంది. లేవబోతే, "ఇప్పుడెక్కడికి? కూర్చో" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. తెల్లారాక బయటికి వెళ్ళినప్పుడు కూడా ఎవరివా రేకులు అని ఆయన అడగకపోవడమే ఆమెని కోసేసింది.

తర్వాత ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, ఇల్లు నీటమునిగిందని పెద్ద ఆడపడుచు కుటుంబం దిగింది. కరెంటు లేదు. నీళ్ళ ట్యాంకరు వీధి చివర ఆగుతుంది, బిందె ఆమె చంకన ఉంటుంది. తడిసిన పరుపులు పొద్దున ఎండలోకి, సాయంత్రం లోపలికి. అందరికీ వంట, అందరి గిన్నెలు. "ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మీ ఇంట్లో ఉంటే కష్టం తెలియట్లేదు మరదలా" అంది ఆడపడుచు. మెచ్చుకోలుగానే అంది. ఎవరికి తెలియట్లేదో ఆలోచించలేదంతే.

భర్త కూర్చుని లేడు. గొడ్డలి పట్టుకుని వీధిలో పడ్డ చెట్లు కొట్టించాడు, ముసలివాళ్ళని భుజాన మోశాడు. "మీ ఆయన దేవుడమ్మా" అన్నారు వీధిలోవాళ్ళు. చెడ్డవాడైతే ఏనాడో పోట్లాడి ఉండేది. మంచివాడు కావడమే ఆమెకి పెద్ద అలసట.

పనికీ పనికీ మధ్య దొరికిన సందులో ఆమె తన రేకులు వెతుక్కుంది. ఒకటి మురిక్కాలవలో దొరికింది, ఒకటి పక్కింటి గోడ మీద వేలాడుతోంది. అన్నిటికన్నా మంచిది వీధి మలుపులో బోర్లా పడుంది. లాక్కొస్తుంటే అంచు తగిలి అరచెయ్యి తెగింది. గుడ్డపీలిక చుట్టుకుని మళ్ళీ లాగింది. వంగినవాటిని తొక్కి చదును చేసి, బురద కడిగి, తన గది గోడకి వరసగా ఆనించింది. "కాస్త ఓ చెయ్యి వేస్తారా?" అని భర్తని అడిగితే, "ముందు ఇల్లు చక్కబడనీవోయ్, దానికేం తొందర?" అన్నాడు. సరే అనుకుని తనే మేస్త్రికి కబురు పెట్టింది. రేపు వస్తానన్నాడు. ఆ రేపు కోసమే ఆమె ఈరోజు చేట పట్టుకోగలిగింది.

హాలు తుడవడం అయ్యేసరికి సందులోంచి పిలుపు వినపడింది. "చెల్లెమ్మా! ఉన్నావా?"

బస్సు కండక్టరమ్మ. యూనిఫాం సగం తడి సగం పొడి. పైకప్పులేని గదిలోకి తొంగిచూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, నీ కొట్టు పోయిందా!"

పోయింది అన్న మాట ఆమెతో అన్న మొదటి మనిషి ఆవిడే. ఆమె తలూపి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రేపట్నించి బస్సులు తిరుగుతాయట. కొంచెం ఐబ్రోస్ చేసిపెట్టు" అంది కండక్టరమ్మ. "ఇల్లు కూలి ఈవిడకి సోకేంటి అనుకోకు. అన్నీ పోయి అద్దం ఒక్కటి మిగిలింది మాకు. పొద్దున అందులో చూసుకుంటే ఎవరో పరాయిమనిషి నిలబడుంది. ముందు ఆవిణ్ణి పంపించెయ్యాలి."

"పైన కప్పు లేదండీ."

"వెలుతురు బాగుంటుందిలే, కానియ్."

తడికుర్చీ మీద ప్లాస్టిక్ సంచి పరిచి ఆవిణ్ణి కూర్చోబెట్టింది. డబ్బా అడుగున దారపు ఉండ పొడిగానే ఉంది. ఈ పనిలో దారం ఒక కొస పళ్ళమధ్య బిగించి పట్టాలి. మిగతాది రెండు చేతుల మధ్య మెలితిప్పి వెంట్రుక పీకాలి. నోరు తెరిస్తే దారం జారుతుంది. కాబట్టి ఎవరేమడిగినా ఊఁ అనడమొక్కటే కుదురుతుంది.

భర్త అడగాల్సినవన్నీ సరిగ్గా అప్పుడే అడిగేవాడు. కావాలని కాదు, ఆమె కదలకుండా ఒకచోట దొరికేది అప్పుడే కదా. "ఈ ఏడు మీ అమ్మ దగ్గరికి వెళ్ళడం కుదరదులే, సరేనా?" ఊఁ. "నీ స్కూటీ తమ్ముడికిచ్చేస్తున్నా, ఆఫీసుకి దూరమట వాడికి." ఊఁ. "ఆ హెయిర్ కటింగ్ కోర్సు వచ్చే ఏడు చూద్దాం." ఊఁ. తర్వాత ఆమె ముఖం మాడ్చుకుంటే, "నిన్నడిగే కదా చేశాను!" అనేవాడు ఆశ్చర్యపోయి. మౌనమే అర్ధాంగీకారమైతే ఊఁ పూర్తి అంగీకారమేగా మరి.

కండక్టరమ్మ ఎడమ కనుబొమ్మ అయింది. కుడిది మొదలుపెట్టిందో లేదో, సందులో చెప్పుల చప్పుడు. భర్త. వెనక ట్రాలీ ఆటో డ్రైవరు.

"ఇదిగో, అక్కావాళ్ళ ఇంట్లో నీళ్ళు తీసేశాయట, బయల్దేరుతున్నారు. వాళ్ళ వసారా రేకులు గాలికి పోయాయి పాపం. మన రేకులు ఇక్కడ ఊరికే పడున్నాయిగా, బండిలో వేయించేస్తున్నా. సరేనా?"

అడుగుతూనే మొదటి రేకుకి చెయ్యి వేశాడు. వీధి మలుపులో దొరికిన రేకు అది. రెండో వైపు డ్రైవరు పట్టుకున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అని ఊరికే అన్నారా! ఊఁ గొంతుదాకా వచ్చేసింది. అలవాటు అలాంటిది. అరచేతి గాయం మీద దారం ఒరుసుకుని చురుక్కుమంది. కప్పులేని గదిలో ఆకాశం మరీ దగ్గరగా ఉంది.

ఆమె పళ్ళు విప్పింది. దారం జారి కండక్టరమ్మ చెంప మీద పడింది.

"ఆగండి. అవి మనవి కావు. నావి."

భర్త నవ్వాడు. "నీవీ నావీ ఏంటోయ్, మనలో మనకి!"

"మనకేం పోలేదని వీధంతా చెప్పారుగా. నిజమే, మీకేం పోలేదు. పోయింది నాకు. రేపు మేస్త్రి వస్తున్నాడు. వదిన వాళ్ళ రేకుల సంగతి మీరు చూడండి. ఇవి మాత్రం తీసినచోటే పెట్టించండి."

సందు మొదట్లోంచి అత్తగారి గొంతు. "ఏంటమ్మాయ్ ఆ మాటలు, పరాయివాళ్ళ ముందు!"

"నేను పరాయిదాన్ని కాదండీ, సగం కనుబొమ్మతో ఉన్నదాన్ని" అంది కండక్టరమ్మ, కళ్ళు విప్పకుండానే.

డ్రైవరు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. భర్తకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. నిజంగానే అర్థంకాక, రేకు అంచు పట్టుకుని నిలబడి, "అదేంటి? ఇన్నేళ్ళూ ఏదడిగినా ఊఁ అనే అన్నావుగా?" అన్నాడు.

"నోట్లో దారం ఉండేదండీ" అంది ఆమె.

ఉండలోంచి కొత్త దారం తెంపి చేతికి చుట్టుకుంది. రేకు కింద పెట్టిన చప్పుడు వినపడేదాకా దాన్ని నోటికి అందించలేదు.